ఆపేస్తే ఆపేయండి, తాళం మాత్రం తీసి వెళ్లండి

ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసి, అమ్మి, కొన్నేళ్లకు ఆపేసే కంపెనీల పెద్దలకు,

నమస్కారం. మీలాంటి వాళ్లు చేసిన ఒక భాష వల్లే నాకు ప్రోగ్రామింగ్ వచ్చింది, అందుకు కృతజ్ఞతలు. ఇక అసలు విషయానికి వస్తాను: మీరు ఒక భాషను ఆపేశాక, దాన్ని డబ్బు కట్టి కొన్నవాడే తెరవలేని పరిస్థితి వస్తోంది. ఇదే సంగతి మర్యాదగా మూడుసార్లు ఈమెయిల్‌లో రాశాను. గోడకు చెప్పుకున్నట్టయింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను సరదాకి కంప్యూటర్ ఆటలు రాస్తాను. తిండి పెట్టే ఉద్యోగం వేరే ఉంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక గంట, సెలవు రోజైతే ఇంకాస్త. రాసేది ఇప్పుడు ఎవరూ నేర్చుకోని ఒక భాషలో, బేసిక్ అనే పాత, తేలికైన ప్రోగ్రామింగ్ భాష తరహాది. దాని పేరు గానీ, అమ్మిన కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయను, ఎందుకంటే నా గొడవ ఒక కంపెనీతో కాదు, మీ అందరికీ అలవాటైన పద్ధతితో. ఆ భాషకు సపోర్ట్ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆగిపోయినందుకు నాకు బాధ లేదు, నిజంగానే లేదు. బొమ్మను తెర మీద పెట్టడం, కీ నొక్కితే కదిలించడం, గోడకు తగిలితే ఆపడం, ఈ మూడూ వస్తే నా ఆటలకు చాలు. అవి మొదటి వెర్షన్‌లోనే వచ్చేశాయి.

అదేదో గొప్ప భాష అని కూడా చెప్పను. తెలుగు అక్షరాలు పెడితే వరుసగా ప్రశ్న గుర్తులు చూపిస్తుంది. పూర్ణాంకం 32,767 దాటితే ప్రోగ్రాం కుప్పకూలుతుంది, అంటే నా ఆట బాగా ఆడి ఎక్కువ స్కోరు తెచ్చుకున్న వాడికి బహుమతిగా ఎర్రర్ మెసేజ్ వచ్చేదన్నమాట. ఇవన్నీ తెలిసే వాడుతున్నాను, దేనికి ఏ ఉపాయం చెయ్యాలో చేతివేళ్లకు తెలుసు కాబట్టి.

మొన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదు. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొన్నాను. సీడీ ఉంది, డబ్బు కట్టి తీసుకున్న సీరియల్ నంబర్ ఉంది, ఆ నంబర్ రాసుకున్న కాగితం కూడా సీడీ కవర్లోనే భద్రంగా ఉంది. ఇన్‌స్టాల్ అయింది. తెరిస్తే, యాక్టివేషన్ సర్వర్ (నంబర్ సరైనదో కాదో నెట్ ద్వారా తనిఖీ చేసే కంపెనీ కంప్యూటర్) దొరకడం లేదు, కాసేపాగి ప్రయత్నించండి అంది. కాసేపాగాను. రెండు రోజులాగాను. తర్వాత తెలిసిందేమిటంటే ఆ సర్వర్‌ను ఎప్పుడో తీసేశారు, కాసేపాగమని చెప్పే మెసేజ్‌ను మాత్రం తీయలేదు.

నేను రాసిన ఆటలు ఇప్పటికీ నడుస్తాయి. వాటిని మార్చడమే కుదరదు. ఒక ఆటలో మూడో లెవెల్లో తలుపు పక్కన నిలబడి దూకితే మనిషి గోడలో ఇరుక్కుపోతాడు. ఎందుకో నాకు తెలుసు, ఏ లైను మార్చాలో తెలుసు, నిమిషం పని. కానీ ఆ భాషలో కోడ్, బొమ్మలు, లెవెళ్లు అన్నీ కలిపి ఒకే ప్రాజెక్ట్ ఫైల్‌గా సేవ్ అవుతాయి, ఆ ఫైల్‌ను మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చెత్త కనిపిస్తుంది. దాన్ని తెరవగలిగేది ఆ భాషతో వచ్చిన ఎడిటర్, అంటే కోడ్ రాసే ప్రోగ్రాం, ఒక్కటే. నా చేత్తో రాసిన కోడ్‌ను నేనే చదవలేకపోతున్నాను.

మొదటి ఈమెయిల్‌కు టికెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, వచ్చింది. రెండోదానికి, ఆ ఉత్పత్తి ఇప్పుడు మా జాబితాలో లేదు, మా కొత్త ఉత్పత్తిని పరిశీలించగలరు అని జవాబు. మూడోదానికి అదీ లేదు.

ఈ విషయం ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే: వేరే భాషలోకి మారిపోవచ్చు కదా, అందులో మళ్లీ రాసుకో. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు, కానీ ఆటను ఎప్పుడూ రాసి ఉండరు. లెక్కల ప్రోగ్రాం అయితే సరే, జవాబు సరిపోతే పని అయిపోయినట్టే. ఆట అలా కాదు, అది చేతికి ఎలా తగులుతుందన్నదే దాని ప్రాణం, ఆ తగలడం చాలావరకు భాషకున్న చిన్న చిన్న అలవాట్లలోంచి వస్తుంది. అందరికీ తెలిసిన మైక్రోసాఫ్ట్ భాష విజువల్ బేసిక్ 6నే తీసుకోండి. అందులో 2.5ను పూర్ణాంకంగా మారిస్తే 2 వస్తుంది, 3.5ను మారిస్తే 4 వస్తుంది, సగం దగ్గర ఎప్పుడూ సరిసంఖ్య వైపే జరుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో రౌండ్ చేస్తే 2.5 కాస్తా 3 అవుతుంది. ఒక్క పిక్సెల్ తేడాయే కదా అంటారు. ఆ ఒక్క పిక్సెల్ మీదే నా మనిషి పలక అంచున నిలబడతాడా, పడిపోతాడా అన్నది ఆధారపడి ఉంటుంది. ఇంకొకటి, రాండమ్ అంకెలు, అంటే కంప్యూటర్ ఒక సూత్రంతో పుట్టించే చెల్లాచెదురు అంకెలు. ఫలానా అంకెతో మొదలుపెడితే ఫలానా గుహ తయారవుతుంది అని లెవెళ్లు కట్టుకునేవాళ్లం మాలో చాలామంది, చోటు కలిసొస్తుందని. విజువల్ బేసిక్ 6లో ఆ అంకెల వరుస 1,67,77,216 అంకెలకోసారి తిరిగి మొదటికొస్తుంది, దాని లోపలి సూత్రం వేరు. మరో భాషలో అదే అంకె ఇస్తే వేరే గుహ వస్తుంది, ఒక్కోసారి బయటికి దారే లేని గుహ వస్తుంది. అప్పుడు నేను భాష మార్చడమే కాకుండా పాత భాష రాండమ్ సూత్రాన్ని కూడా కొత్త భాషలో మళ్లీ రాయాలి. దానికి ఆ సూత్రం ఏమిటో తెలియాలి. నా భాష సూత్రం మీ దగ్గర మాత్రమే ఉంది.

మీరు ఇలా చెయ్యడం వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో చెప్తాను.

1. డబ్బు కట్టిన వాడే బయట నిలబడ్డాడు. ఇది నన్ను బాగా మండించే సంగతి. ఇదే భాషను దొంగతనంగా, క్రాక్ చేసిన కాపీతో వాడుతున్న వాళ్లకు ఈ రోజుకీ ఏ సమస్యా లేదు, వాళ్ల కాపీ ఏ సర్వర్‌నూ అడగదు కదా. నువ్వూ అదే దించుకో అని ఇద్దరు ముగ్గురు చెప్పారు కూడా. ఎవరు తయారుచేశారో, లోపల ఏం దాచారో తెలియని ఫైల్‌ను నా కంప్యూటర్‌లో నడపాలంటే నాకు భయం. సర్వర్ కట్టేసి మీరు ఆపింది దొంగను కాదు, బిల్లు దాచుకున్న వాడిని.

2. పుస్తకం కూడా పోయింది. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సహాయం పాత విండోస్ హెల్ప్ పద్ధతిలో ఉండేది. విండోస్ విస్టా నుంచి దాన్ని తెరిచే ప్రోగ్రాం విండోస్‌తో రావడం మానేసింది, కొన్నాళ్లు విడిగా దించుకునే వీలుండేది, విండోస్ 10కు అదీ ఇవ్వలేదు. ఫైల్ డిస్కులోనే ఉంటుంది, చదవలేం. మీ వెబ్‌సైట్ మూసేసినప్పుడు అందులో పెట్టిన మాన్యువల్, ఉదాహరణలు కూడా దాంతోపాటే పోయాయి.

3. మా ఆటలు ఆడేవాళ్లకు టెన్షన్. పాత కంపైలర్‌తో (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే పనిముట్టుతో) చేసిన, డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాంను పంపితే కొత్త విండోస్ ముందు హెచ్చరిక చూపిస్తుంది, ఆ పైన యాంటీవైరస్ అనుమానపడుతుంది. పిల్లల కోసం చేసిన బొమ్మలు జతచేసే ఆటను ఒక తల్లి తెరవబోయి, వైరస్ పంపావేంటి అని అడిగితే ఏం చెప్పాలి? నమ్మండి అనాలి. కంప్యూటర్ వద్దంటున్నదాన్ని నమ్మమని జనానికి అలవాటు చెయ్యడం మంచిది కాదని నాకూ తెలుసు. దీన్ని తప్పించుకోవాలని కొందరు నెట్ తీసేసిన పాత కంప్యూటర్‌నూ, అప్‌డేట్లు ఆగిపోయిన పాత విండోస్‌నూ అలాగే ఉంచుకుంటున్నారు. హార్డ్ డిస్కు పోయేదాకా అది నడుస్తుంది. పోయాక నా కథే.

4. కొత్తగా నేర్చుకునే వాళ్లకు ఒక చిన్న తలుపు మూసుకుపోయింది. విజువల్ బేసిక్ 6తో చేసిన చిన్న ఆటకు ముఖ్యంగా కావలసిన రన్‌టైమ్ ఫైల్, అంటే ఆట నడవడానికి కంప్యూటర్‌లో ఉండాల్సిన ఫైల్, ఒకటిన్నర ఎంబీ లోపే. ఆటలు తయారుచేసే ఇప్పటి పెద్ద గేమ్ ఇంజన్లు జీబీల్లో ఉంటాయి, వాటికి తగ్గ కంప్యూటర్ కావాలి. పాత, బక్క కంప్యూటర్ మాత్రమే ఉన్న పిల్లవాడికి ఎఫ్5 నొక్కగానే తెర మీద చుక్క కదిలే భాష ఒకటి ఉండడం ఎంత పనికొస్తుందో, అలా మొదలైన వాళ్లను అడిగితే చెప్తారు.

5. మనిషి పోతే పనీ పోతుంది. మాతోపాటు ఆటలు రాసే ఒకాయన చనిపోయాక వాళ్లింట్లో వాళ్లు డిస్కు నా చేతికిచ్చి, ఇందులో ఆయన చేసినవి చూపించమన్నారు. ప్రాజెక్ట్ ఫైళ్లు ఉన్నాయి. తెరవలేకపోయాను.

కంపెనీలన్నీ ఒకేలా చేశాయని నేను అనడం లేదు. కాస్త మంచిగా వెళ్లినవాళ్లూ ఉన్నారు, అందుకే మీకు చేతకాదు అంటే నేను నమ్మను.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6కు 2008 ఏప్రిల్ 8న సపోర్ట్ పూర్తిగా ఆగింది. అంతకు ముందు 2005లో, మైక్రోసాఫ్ట్ తానే గుర్తింపు ఇచ్చిన నిపుణులు 200 మందికి పైగా ఆ భాషను కొనసాగించమని సంతకాలు పెట్టి అడిగారు. కంపెనీ ఒప్పుకోలేదు. కానీ రన్‌టైమ్‌ను విండోస్‌లో ఉంచేసింది, అందుకే అప్పటి ప్రోగ్రాంలు చాలావరకు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. కోపం ఎంతున్నా ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి.

వెబ్ బ్రౌజర్‌లో ఆటలు నడిపిన ఫ్లాష్ సంగతి ఇంకోలా జరిగింది. అడోబీ 2017 జూలైలోనే చెప్పింది, 2020 డిసెంబర్ 31తో ఆపుతామని. మూడున్నరేళ్ల ముందు చెప్పడం బాగుంది. బాగోలేనిది ఏమిటంటే, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ తనంతట తానే ఆటలను నడపనని మొరాయించింది. అంటే సపోర్ట్ ఆపడం వేరు, పని చేస్తున్నదాన్ని పని చెయ్యకుండా చెయ్యడం వేరు, వాళ్లు రెండూ చేశారు. అయినా ఫ్లాష్ ఆటలు పూర్తిగా పోలేదు, రఫుల్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బయట ఉంచిన) ఎమ్యులేటర్, అంటే పాత ప్లేయర్‌లా పనిచేసే ప్రోగ్రాం, వాటిలో చాలావాటిని మళ్లీ బతికించింది. అది రాయడానికి దారి ఎందుకు దొరికిందంటే, ఫ్లాష్ ఫైల్ లోపల ఏముంటుందో వివరించే పత్రం అంతకు ముందే బయట ఉంది, 2008లో దాని వాడకం మీద ఉన్న షరతులను కూడా అడోబీ తీసేసింది. ఆ రోజు ఆ షరతులు తీసేయడమే పన్నెండేళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

ఆపేసిన దాంతో పనికొచ్చేది ఏదీ రాదనుకునేవాళ్లకు ఇంకొకటి. ఎక్స్‌ఎన్‌ఏ అని ఆటలు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పనిముట్టు ఉండేది, దాన్ని ఇక ముందుకు తీసుకెళ్లరని 2013లో తేలిపోయింది. ఒకే ఒక్కడు ఏళ్ల తరబడి కూర్చుని ఎక్స్‌ఎన్‌ఏతో చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో విడుదలై ప్రపంచమంతా ఆడింది, తర్వాత మోనోగేమ్‌కు మారింది. ఆ మారడం కుదిరింది కూడా ఎక్స్‌ఎన్‌ఏలాగే ఉండేట్టు వేరేవాళ్లు ఓపెన్ సోర్స్‌గా మోనోగేమ్ కట్టి ఉంచారు కాబట్టే. బ్లిట్జ్3డి అని ఆటల కోసమే చేసిన బేసిక్ ఉండేది, దాని సోర్స్‌ను 2014లో అందరికీ ఇచ్చేశారు. మేం అడుగుతున్నది ఇలాంటిదే.

ముందు మేం అడగనివి చెప్పేస్తాను, మీ లాయర్లు కంగారుపడకుండా. బగ్గులు సరిచెయ్యమని అడగం. రేపొచ్చే విండోస్‌లో నడిచేట్టు చెయ్యమని అడగం. ఫోన్ ఎత్తమని కూడా అడగం. అడిగేవి ఇవి:

1. యాక్టివేషన్ సర్వర్ కట్టేసే ముందే, ఆ సర్వర్‌ను అడగని ఒక చివరి వెర్షన్ విడుదల చెయ్యండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇప్పుడైనా చెయ్యండి. కొత్తగా రాయాల్సిందేమీ లేదు, ఉన్న తనిఖీని తీసేయడమే, మీ దగ్గర సోర్స్ ఉంటే ఒక మనిషికి కొద్దిరోజుల పని. అన్నిటికంటే ముందు కావలసింది ఇదే, మిగతావన్నీ కాదన్నా ఇది ఒక్కటి చేస్తే నాలాంటి వాళ్లు సగం మంది ఊరుకుంటారు.

2. ఇన్‌స్టాలర్, రన్‌టైమ్ ఫైళ్లు, మాన్యువల్, ఉదాహరణలు కాపీ చేసి పంచుకోవచ్చని రాతపూర్వకంగా చెప్పండి. ఒక్క పేరా చాలు. ఇప్పుడు వీటిని జాగ్రత్త చేస్తున్నవాళ్లు తప్పు చేస్తున్నామేమో అనే భయంతో చేస్తున్నారు. బోర్లాండ్ కంపెనీ తన పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టర్బో పాస్కల్ 5.5ను ఉచితంగా దించుకోనిచ్చింది, దాని వల్ల వాళ్ల వ్యాపారం మునిగిపోయిందని నేనెక్కడా వినలేదు.

3. ప్రాజెక్ట్ ఫైల్ లోపల ఏ బైట్ ఏమిటో వివరించే పత్రం బయటపెట్టండి, లేదా కోడ్‌ను మామూలు టెక్స్ట్‌గా బయటికి తీసే చిన్న పనిముట్టు ఇవ్వండి. రాండమ్ సూత్రం, సంఖ్యలను ఎటు సవరిస్తుందన్నది, టైమర్ ఎంత సూక్ష్మంగా కొలుస్తుందన్నది కూడా ఆ పత్రంలో ఉంటే, భాషను మార్చేవాళ్లు ఆటను చంపకుండా మార్చగలుగుతారు. మీ రహస్యాలేవీ ఇందులో పోవు, ఎవరూ కొనని ఉత్పత్తికి రహస్యాలేముంటాయి.

4. వీలైతే సోర్స్ కోడ్ ఇచ్చేయండి. ఇక్కడ మీరు ఎప్పుడూ చెప్పే మాట నాకు తెలుసు: లోపల వేరే కంపెనీల కోడ్ కూడా ఉంది, అది మేం ఇవ్వలేం. నిజమే కావచ్చు. డూమ్ ఆటకూ ఇదే చిక్కు వచ్చింది, దాని డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) వెర్షన్‌లో శబ్దాల లైబ్రరీ వేరేవాళ్లది. 1997 డిసెంబర్‌లో దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ ఏం చేసింది? ఆ భాగం లేకుండా లైనక్స్ వెర్షన్ సోర్స్ ఇచ్చింది. శబ్దాల సంగతి జనమే చూసుకున్నారు. ఆట ఈ రోజుకీ ఎన్నిరకాల పరికరాల్లో నడుస్తోందో మీకే తెలుసు. లేదు, ఊరికే ఇవ్వం, డబ్బు కావాలి అంటారా, అదైనా పైకి చెప్పండి. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను తయారుచేస్తున్న కంపెనీ 2002లో మూతపడినప్పుడు పెట్టుబడిదారులు 1,00,000 యూరోలు అడిగారు. వాడేవాళ్లు చందాలు వేసుకుని ఏడు వారాల్లో పోగుచేశారు, ఆ ఏడాది అక్టోబర్‌లో సోర్స్ బయటికొచ్చింది. మా భాషకు అంత మంది లేరని నాకు తెలుసు. ధర ఎంతో చెప్తే మేం ఎంతమందిమో లెక్కపెట్టుకుంటాం.

5. ఇక ముందు అమ్మేవాటికి, సర్వర్ ఎన్నాళ్లు ఉంటుందో కొనేటప్పుడే రాయండి. ఆపేసే తేదీకి కనీసం రెండేళ్ల ముందు చెప్పండి, ఎక్కడో మూలన కాదు, ఎడిటర్ తెరవగానే కనబడేట్టు.

6. ఈమెయిల్‌కు మనిషి జవాబివ్వాలి. కుదరదు అనైనా.

తోటి ఆటలవాళ్లకు కూడా ఒక్క మాట, ఈ లేఖ మీరూ చదువుతారు కాబట్టి. ఈ రోజే మీ కోడ్‌ను మామూలు టెక్స్ట్‌గా ఒక కాపీ తీసి పెట్టుకోండి, బొమ్మలు విడిగా, శబ్దాలు విడిగా. మా ఎడిటర్‌లో ప్రింట్ మాత్రం తీసుకునే వీలుండేది, నేను రెండు ఆటలకే తీశాను, మిగతావాటికి బద్ధకించాను. ఆ రెండింటినీ ఇప్పుడు కాగితం చూసి ఓపెన్ సోర్స్ బేసిక్ ఒకదానిలో మళ్లీ టైప్ చేస్తున్నాను. ప్రింటర్ ఇంకు అయిపోతూ వచ్చిన చోట సున్నాకూ ఎనిమిదికీ తేడా తెలియడం లేదు, శత్రువు వేగం 3.0నో 3.8నో ఆడి చూసి తేల్చుకోవాల్సి వస్తోంది. మిగిలిన పదకొండు ఆటలూ ఆ ప్రాజెక్ట్ ఫైళ్లలోనే ఉన్నాయి.

నా మొదటి ఈమెయిల్‌కు మీలో ఒకరు ఇచ్చిన టికెట్‌ను నిన్న కూడా చూశాను. పరిశీలనలో ఉంది అని చూపిస్తోంది.

ఇట్లు,
మీ పాత భాషలో ఇంకా ఆటలు రాస్తున్న ఒకడు